సెప్టిక్ ట్యాంకు గోతిలో ఇటుకల వలయం

వట్లూరు దాటాక పొలాల మధ్య లేచిన ఒక ప్రైవేటు కాలేజీలో అప్పట్లో నేను చరిత్ర చెప్పేదాన్ని. రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్లు. కొత్తగా కడుతున్న ఆడపిల్లల హాస్టలు వెనక సెప్టిక్ ట్యాంకు కోసం పొక్లెయిన్‌తో తవ్విస్తుంటే, ఒక శుక్రవారం మధ్యాహ్నం నల్లమట్టి అడుగున ఇటుకలు బయటపడ్డాయని పిల్లలు వచ్చి చెప్పారు.

క్లాసు ఆపి వెళ్లాను. మూరెడు పొడవున్న ఇటుకలు గుండ్రంగా పేర్చి ఉన్నాయి. నడిమధ్య బూడిద, దాని చుట్టూ బోర్లించిన మట్టి మూకుళ్లు. గుంటుపల్లి కొండ మీది గుండ్రటి బౌద్ధ కట్టడాలు గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. ఏ కాలానిదో, ఏ మతానిదో నాకు తెలియదు. ఎవరో ఇక్కడ శ్రద్ధగా ఏదో క్రతువు చేశారని మాత్రం తెలుస్తోంది. ఇలాంటివి చూసే పురావస్తు శాఖ ఆఫీసుకు ఫోన్ చేశాను. సోమవారం వస్తామన్నారు. అంతవరకు ఎవర్నీ ముట్టుకోనివ్వొద్దన్నారు.

సాయంత్రానికి జనం చేరారు. లోపల బంగారం ఉంటుందని ఎవరో అన్నారట, మూకుళ్లన్నీ రాళ్లతో పగలగొట్టారు. బూడిద తప్ప ఏమీ దొరక్కపోయేసరికి అందులోనే గుట్కా ఉమ్మారు. ఇంకొకరు వచ్చి ఆ ఉమ్ము పక్కనే పసుపు, కుంకుమ చల్లి కొబ్బరికాయ కొట్టారు.

మా కరస్పాండెంటు గారు, అంటే కాలేజీ యజమాని, నన్ను పిలిపించి కుర్చీ వేయించారు. చాలా మెత్తగా మాట్లాడతారాయన.

"ఏవండీ మేడమ్, ఆ ఆఫీసు వాళ్లు తాడు కట్టేస్తే మన పని ఆగిపోద్దండీ. పాపం ఆడపిల్లలు బాత్రూములకి ఎక్కడికెళ్తారు, మీరే చెప్పండి."

ట్యాంకు అటు పక్కకి జరపొచ్చు కదండీ అన్నాను. అటు కారు షెడ్డు అనుకున్నామండీ అన్నారు, నవ్వుతూనే.

సోమవారం నేను వెళ్లేసరికి గోతిలో కాంక్రీటు పోసేశారు. ఆ ఆఫీసు నుంచి జీపులో వచ్చిన ఇద్దరూ దాన్ని చూశారు, టీ తాగారు, వెళ్లిపోయారు.

హాస్టలు ప్రారంభోత్సవం నాడు, పైకి తీసిన ఇటుకలు నాలుగు కడిగించి, అద్దాల పెట్టెలో పెట్టి, చామంతి దండ వేశారు. మన ప్రాచీన వారసత్వం గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను వేదిక మీదికి పిలిచారు. మైకు అందుకుని, మిగతా వారసత్వం సెప్టిక్ ట్యాంకు కింద ఉందనీ, కావాలని పూడ్చారనీ, కారు షెడ్డుకి చోటు మిగలడానికే పూడ్చారనీ చెప్పాను. ముందు వరసలో ఒక పెద్దాయన నేనేదో పొగుడుతున్నాననుకుని చప్పట్లు కొట్టారు. మిగిలినవాళ్లూ అందుకున్నారు.

భోజనాల దగ్గర కరస్పాండెంటు గారే స్వయంగా విస్తరి తెచ్చి నా ముందు వేశారు. "తినండమ్మా, కోపాలు మనసులో పెట్టుకోకూడదు," అన్నారు.

"నాకొద్దండీ," అని లేచి వచ్చేశాను.

వేసవి సెలవులయ్యాక మరి అక్కడికి వెళ్లలేదు. తాడేపల్లిగూడెంలో ఒక స్కూల్లో చేరి, ఆరో తరగతి పిల్లలకి సాంఘికశాస్త్రం చెప్పుకున్నాను.