ఎవరి చోట వాళ్ళు కూర్చోండి

ఎక్కడ బండి ఆగి కనిపించినా దాని మూల మీద రెండు చేతులూ ఆనించి ఒక్క నొక్కు నొక్కి వదలడం ఆ మేస్త్రికి అలవాటు. తెలిసినవాళ్ళదా, పరాయిదా అన్న పట్టింపు లేదు. నొక్కి వదిలాక అది ఒక్కసారి లేచి కుదురుకుంటే తల ఊపి తన దారిన పోతాడు. మళ్ళీ మళ్ళీ ఊగిందా, అక్కడే నిలబడి యజమాని కోసం చుట్టూ చూస్తాడు. ఓసారి ఒక పెద్దమనిషి కారులో కునుకు తీస్తుండగా నొక్కాడు. ఆయన భూకంపమనుకుని చెప్పుల్లేకుండా రోడ్డు మీదకి పరిగెత్తాడు.

"షాకులు పోయాయండీ" అన్నాడు మేస్త్రి నెమ్మదిగా.

"ముందు నా ప్రాణం పోయిందయ్యా!" అన్నాడాయన.

అప్పట్నించీ అందరికీ ఇతను ఊయల మేస్త్రి.

మనిషి చక్రం చేసుకున్నంత తొందరగా కుదుపుకి మందు కనుక్కోలేకపోయాడు. బంగారు పూత రథాల్లో ఊరేగిన మహారాజులు కూడా నడుం పట్టుకునే దిగి ఉంటారు, ఆ సంగతి ఎవరూ రాయలేదు గాని. తర్వాతెప్పుడో బండిపెట్టెను తోలుపట్టీలతో వేలాడదీస్తే బాగుంటుందని ఎవరికో తోచింది. దెబ్బ తగ్గింది, కడుపులో తిప్పడం మొదలైంది. ఇనుప కమానులు, చుట్టల స్ప్రింగులు, షాకులనే నూనె నింపిన గొట్టాలు, ఇవన్నీ ఆ పాత తగువు తీర్చడానికి వచ్చినవే. దెబ్బా తగలకూడదు, ఊగిసలాటా ఉండకూడదు. మేస్త్రి బతుకంతా ఆ తగువుకి మధ్యవర్తిగా ఉండటంలోనే గడిచింది.

అలాంటివాడికి సొంత వదిన నడుం దగ్గర చిక్కొచ్చి పడింది.

అతను నిక్కర్లు వేసుకునే రోజుల్లో ఆ ఇంటికి కాపరానికొచ్చి, ఆ నిక్కర్లు కూడా తనే కుట్టిన మనిషి ఆవిడ. బజారుకి అవతల, స్నేహితురాలితో పొత్తులో, పరదాలు కుట్టే దుకాణం నడుపుతోంది. వెన్నుకి ఆపరేషనైంది. మిషను ముందు కూర్చోవచ్చని డాక్టరన్నాడు. కూర్చోవడం సరే, అక్కడిదాకా వెళ్ళడమెలా? అన్నయ్య కారు ముసలిది, కొత్తది కొనే తాహతు లేదు. చిన్న గుంతకే వదిన పళ్ళు బిగపట్టుకునేది. ఎదురుచూసి చూసి, సోమవారానికి రాకపోతే నీ మిషను దగ్గర ఇంకొకరిని కూర్చోబెట్టుకుంటానని స్నేహితురాలు చెప్పేసింది. ఆమెని తప్పు పట్టడానికీ లేదు. ఓ ఆసుపత్రివాళ్ళు పరదాలన్నీ ఒకేసారి అడిగారు మరి.

"బండి సంగతి నాకొదిలెయ్ వదినా" అన్నాడు మరిది.

మామూలుగానైతే షెడ్డుకి తీసుకుపోయేవాడే. అక్కడ నేలలో నిలువెత్తు గొయ్యి ఉంది. దాని మీద బండిని నిలబెట్టి, తను కిందికి దిగి పని చేస్తాడు. కానీ వదిన మంచం మీంచి పైకప్పు చూసి చూసి విసిగిపోయి ఉంది. కాస్త కాలక్షేపం అవుతుందని ఆవిడ కిటికీ ముందు, వాకిట్లోనే జాకీల మీద కారు లేపాడు. ఆవిడ ఊరుకుంటుందా?

"ఆ నల్ల ముక్కేమిట్రా?"

"రబ్బరు బుష్షు వదినా. ఇనుమూ ఇనుమూ ఒరుసుకోకుండా మధ్యలో ఉంటుంది. చక్రం లేచి పడ్డప్పుడల్లా మెలి తిరిగి, మళ్ళీ సర్దుకుంటుంది."

"మీ అన్నయ్యకీ నాకూ మధ్య నువ్వున్నట్టు!"

షాకులు మార్చాడు, స్ప్రింగులు మార్చాడు, బుష్షులన్నీ కొత్తవి వేశాడు. ఒక్కడే తోలి చూసుకున్నాడు. చాపేసిన నేల మీద నడిచినట్టుంది. ఆదివారం పొద్దున్నే వదినని వెనకసీట్లో ఎడమపక్క, దిండు వేసి మరీ కూర్చోబెట్టారు. వీధి చివరిదాకానే వెళ్ళింది కారు.

"ఆపండి" అంది వదిన.

దిగి, గోడ పట్టుకుని ఇంటికి నడిచింది. వెనకే అన్నయ్య, "ఊరందరి నడుములూ బాగుచేశాడు, ఇంట్లోదే..." అని ఏదో అనబోతే, ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"వాణ్ణేమీ అనకండి. నన్ను మాత్రం మళ్ళీ ఎక్కమనకండి. ఇదివరకు ఊపేసేది. ఇప్పుడు పొడుస్తోంది."

మేస్త్రికి సిగ్గుపడాలన్న సంగతే గుర్తురాలేదు. ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. "పొడుస్తోందా? ఎప్పుడు వదినా? చక్రం లేచేటప్పుడా, పడేటప్పుడా?"

"నా నడుం మీద పరీక్ష పెట్టావేమిట్రా!" అని కసిరి, రెండడుగులు వేసి, మళ్ళీ ఆగి ఆలోచించింది. "పడేటప్పుడు."

మధ్యాహ్నం అన్నయ్య చేత కారు తోలించి, తను ఆవిడ చోట, ఆ దిండు మీదే కూర్చున్నాడు. ముందుసీట్లో ఒంటరిగా ఉన్నప్పుడు తెలియనిది ఇక్కడ తెలిసింది. కారు లేవడం మెత్తగానే లేస్తోంది. పడేటప్పుడే చివర్లో ఎవరో కింది నుంచి పిడికిలితో గుద్దినట్టు. దాని వెంట సన్నగా ఒక కీచు. ఇంటికొచ్చి కిందికి దూరి చూస్తే, కొత్త బుష్షులు పిండిన తువ్వాళ్ళలా మెలితిరిగి ఉన్నాయి.

షెడ్డులో ఏనాడూ చెయ్యని పొరపాటు అది. అక్కడైతే బండి తన కాళ్ళ మీద తను నిలబడ్డాకే ఆఖరు బిగింపు బిగిస్తాడు. ఇక్కడ గొయ్యి లేదు. జాకీల మీద చక్రాలు గాలిలో వేలాడుతుండగానే బోల్టులన్నీ బిగించేశాడు. రబ్బరు అదే తన స్థిమితం అనుకుంది. బండి నేల మీదకి దిగేసరికే సగం మెలిపడింది. వెనక మనుషులెక్కితే ఇక తిరగడానికి చోటు లేదు. వదిన ముచ్చటగా చూస్తుందని వాకిట్లో చేసిన పనే వదిన నడుంలో పొడిచింది.

సోమవారం పొద్దున స్నేహితురాలు వచ్చింది, మిషను సొరుగు తాళం అడిగి తీసుకుపోదామని. వచ్చేసరికి వాకిట్లో కారు నాలుగు చక్రాలూ లావాటి చెక్కదుంగల మీదున్నాయి. కింద మేస్త్రి కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

"మంచి సమయానికి వచ్చావక్కా" అన్నాయి కాళ్ళు. "ఎవరి చోట వాళ్ళు కూర్చోండి."

"ఎక్కనని చెప్పానా లేదా?" అంది వదిన గుమ్మంలోంచి.

"ఎక్కడికీ పోదు వదినా. బండి తాళం నా జేబులో ఉంది. కుర్చీ అనుకో."

"నేనెందుకు తమ్ముడూ?" అంది స్నేహితురాలు.

"సాయంత్రాలు నువ్వూ ఇందులోనే వచ్చేదానివి కదా. నీ బరువూ పడాలి."

"నా బరువు సంగతి నీకెందుకు?"

"కింద ఉన్నది వాడు కదమ్మా, వాడికే కావాలి" అన్నాడు అన్నయ్య స్టీరింగు ముందు చేరుతూ.

అందరూ కూర్చున్నారు. మేస్త్రి పానా వేసి ఒక్కో బోల్టూ వదులు చేశాడు. చేసినప్పుడల్లా రబ్బరు టప్పుమని వెనక్కి తిరిగి సర్దుకుంది. కారు కొద్దిగా కిందికి కుంగింది.

"ఏమండీ, కుంగిందేమిటి?"

"ఊపిరి వదిలింది వదినా. కదలకండి" అంటూ అదే బరువు మీద మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు.

కదలకపోయినా నోళ్ళు ఊరుకోవుగా.

"ఆసుపత్రి పచ్చగుడ్డ నిలువుగా కోశావా, అడ్డంగానా?" అంది వదిన.

"అడ్డంగా. గుడ్డ కలిసొస్తుందని."

"అడ్డంగానా! ఉతికితే జానెడు ముడుచుకుంటుందే! అంతా కోసేశావా?"

"సగం. మిగతాది ఇవాళ."

"ఇవాళా? పోనీండి బండి. దీన్ని కత్తెర పట్టనివ్వకూడదు. పోనీండి!"

"నన్ను బయటికి రానివ్వండి వదినా!" అని కింద నుంచి కేక.

ఆఖరి బోల్టూ బిగించి, తాళం అన్నయ్యకిచ్చి, బండి దుంగల మీంచి దిగాక మేస్త్రి ముందుసీట్లో ఎక్కి, పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చున్నాడు. అన్నయ్య నున్నటి చుట్టుదారి పట్టబోయాడు.

"ఇటెందుకు? రోజూ ఊరంతా తిప్పుతారా నన్ను? బజారు దారినే పోనీండి" అంది వదిన.

బజారు దారంటే గుంతల్లో అక్కడక్కడా రోడ్డు ఉంటుంది. వదిన గుడ్డ గురించే మాట్లాడుతోంది. మొదటి స్పీడ్ బ్రేకరు కనపడగానే మాట మధ్యలో ఆగి సీటు గట్టిగా పట్టుకుంది. కారు లేచింది. పడింది.

మేస్త్రి సీటు మీంచి వెనక్కి వంగాడు.

"వదినా?"

"ఉండు, చూస్తున్నా."

ఇంకోటి వచ్చింది. ఒక పెద్ద గుంత కూడా. సీటు మీద వేళ్ళు వదులయ్యాయి.

"నొప్పి ఉంది" అంది ఆవిడ, ఉన్నదున్నట్టు చెప్పేవాళ్ళ గొంతుతో. "కానీ నాది నాకుంది. బండిది లేదు."

దుకాణం ముందు నెమ్మదిగా దిగి, మొగుడు అందించిన చెయ్యి పట్టుకుని మెట్లెక్కి, నేరుగా పచ్చగుడ్డ దగ్గరికెళ్ళి, సొరుగు తాళం తీసి తన కత్తెర అందుకుంది. స్నేహితురాలు మిషను ముందున్న కుర్చీ మీంచి గుడ్డపీలికలు దులిపింది.

మేస్త్రి గుమ్మం వదల్లేదు. "వదినా, ఆ పెద్ద గుంతలో పడ్డప్పుడు ఎడమపక్క తెలిసిందా, రెండుపక్కలా తెలిసిందా?"

"సాయంత్రం చెప్తాలేరా" అంది ఆవిడ తలెత్తకుండా. "వెలుతురుకి అడ్డు తప్పుకో."