తొమ్మిదో అర

బూట్ల బాబాయికి అసలు పేరు లేదని కాదు. హాజరు పట్టీలో ఉంది. కానీ ఇరవయ్యేడేళ్ళుగా ఆ ఫుట్‌బాల్ క్లబ్బులో ఆ పేరు పెట్టి పిలిచినవాడు లేడు. నిన్నగాక మొన్న జట్టులోకొచ్చి ఇంకా మీసం సరిగ్గా మొలవనివాడు కూడా "బాబాయ్, నా లేసు తెగింది" అంటాడు. ఆయన లేసు వైపు చూసి, వాడి మొహం వైపు చూసి, "లేసుకేం, నీ తొందర చూస్తే నువ్వే తెగేలా ఉన్నావు" అని సణుగుతూనే కొత్తది ఎక్కిస్తాడు.

ఆయన గది స్టేడియం మెట్ల కింద. నిటారుగా నిలబడాలంటే గుమ్మం దగ్గరే కుదురుతుంది. పైన జనం లేచారో కూర్చున్నారో గది కప్పే చెబుతుంది. ఒక గోడ పొడుగునా చెక్క అరలు, అరకో నంబరు. బురదతో వచ్చిన బూట్లని ముందు కత్తి మొండివైపుతో గీకుతాడు, అరిగిపోయిన పళ్ళ బ్రష్షుతో కుట్ల సందులు తోముతాడు, ఆ తర్వాత పాత పేపర్లు ఉండలు చుట్టి లోపల కూరుతాడు. పేపరు తడి పీల్చేస్తుంది, బూటు ఆకారం చెడదు. హీటరు దగ్గర పెట్టి ఆరబెడదామన్నవాడి మీద ఒంటికాలి మీద లేస్తాడు.

ఆ గదికో కట్టుబాటు ఉంది. ఆటగాడు తనంతట తానొచ్చి బూట్లు తీసుకెళ్తే తప్ప ఏ అరనీ ఖాళీ చెయ్యకూడదు. కాలు విరిగి ఏడాది మంచాన పడ్డా సరే, అర అలాగే ఉంటుంది, బూట్లకి వారానికోసారి తుడుపు పడుతుంది. ఇది ఎవరు పెట్టారో తెలీదు. ఆయన కంటే ముందున్న ముసలాయన పాటించాడు, ఈయనా పాటించాడు. తొమ్మిదో నంబరు జైల్లో ఉన్న రెండేళ్ళూ కూడా పాటించాడు.

తొమ్మిదో నంబరంటే జట్టుకి గోల్స్ కొట్టిపెట్టేవాడు. వాడి పేరు రాసున్న చొక్కాలు బజారులో పిల్లల దగ్గర్నుంచి ముసలాళ్ళ దాకా అందరి ఒంటిమీదా కనబడేవి. అలాంటివాడు రెండేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున, పక్క ఊరి ఆటకి బయల్దేరాల్సిన రోజు, బూట్లగది గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. ఒళ్ళంతా మందు వాసన. చేతిలో కారు తాళాలు.

"బాబాయ్, సైకిలు అడ్డొచ్చింది," అన్నాడు.

బూట్ల బాబాయి తమ్ముడు అప్పుడు జట్టు బస్సుకి డ్రైవరు. బయట టైర్లలో గాలి చూసుకుంటున్నాడు. సంగతి విని మలుపు దాకా పరుగెత్తాడు. సైకిలొకచోట, మనిషొకచోట, రోడ్డంతా పేపర్లు. ఇంటింటికీ పేపర్లు వేసే మనిషి. ఆంబులెన్సుకి ఫోన్ చేసి వచ్చి, "చేశాను గానీ, ఇక లాభం లేదన్నయ్యా," అన్నాడు.

ఇక్కడ ఆ క్లబ్బు గురించి ఒక మాట చెప్పుకోవాలి. పెద్ద ఆటగాడు తప్పు చేస్తే చిన్న ఉద్యోగి ఎవడో దాన్ని నెత్తిన వేసుకోవడం అక్కడ మామూలు. హోటల్లో అద్దం పగిలితే సామాన్లు మోసేవాడు పగలగొట్టినట్టు. మైదానానికి ఆలస్యమైతే డ్రైవరు దారి తప్పినట్టు. ఎవరూ బలవంతం చెయ్యరు. జట్టు కోసం అనుకుంటారు, మోసేస్తారు, సాయంత్రానికి అంతా మర్చిపోతారు. బూట్ల బాబాయి అలాంటివి పదో పదిహేనో మోసినవాడే. ఆ పూట కూడా ఆయన బుర్రకి అదే తోచింది. ఈసారి పగిలింది అద్దం కాదని తట్టలేదు.

"నువ్వు నడిపావని చెప్పరా," అన్నాడు తమ్ముడితో. "డ్రైవరువి, నమ్ముతారు. నువ్వు తాగలేదు కాబట్టి పెద్ద శిక్ష ఉండదు. వీడు లోపలికెళ్తే జట్టే పోతుంది."

తమ్ముడు ఆయన మొహంలోకి చూశాడు. "నువ్వు చెప్పమంటే చెబుతా అన్నయ్యా."

మూడోరోజుకి మలుపులో మందుల షాపు కెమెరా అసలు సంగతి బయటపెట్టింది. మనిషిని చంపినందుకు తొమ్మిదో నంబరుకి రెండేళ్ళు పడింది. పోలీసులకి అబద్ధం చెప్పినందుకు తమ్ముడికి ఆరు నెలలు. అలా చెప్పమని ఎవరన్నారని జడ్జి అడిగితే తమ్ముడు "ఎవరూ అనలేదండీ, నాకే తోచింది" అన్నాడు. వెనక వరసలో కూర్చున్న బూట్ల బాబాయి నోరు మెదపలేదు. ఆ రోజు లేచి నిలబడి ఉంటే బాగుండేదని తలుచుకుంటే ఆయనకి ఇప్పటికీ అన్నం సహించదు. నిలబడలేదు. పిరికివాడు, అంతే. ఇంకో పేరు పెట్టడానికి లేదు.

క్లబ్బు ఆఫీసు గోడకి బస్సు తాళాల కొక్కెం ఉంటుంది. దాని మీద తమ్ముడి పేరుతో చిన్న రేకు ముక్క ఉండేది. తీర్పు వచ్చిన వారంలోపే దాన్ని పీకేశారు. కొక్కేలకి కట్టుబాట్లుండవు కాబోలు.

ఆరు నెలల తర్వాత బయటికొచ్చిన తమ్ముడు కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగాడు. స్కూలు బస్సులు, సరుకుల లారీలు, ఆఖరికి చెత్తబండి. అందరూ మర్యాదగానే మాట్లాడేవారు. పోలీసు రికార్డు కాగితం అడిగేదాకా. చివరికి ఏ కాగితమూ అడగనివాడు పేపర్ల ఏజెంటొక్కడే దొరికాడు. అతని దగ్గర ఎవరూ తీసుకోని లైనొకటి ఖాళీగా ఉంది. అది ఆ చనిపోయిన మనిషి పేపర్లు వేసిన లైనని తెలిసే తమ్ముడు ఒప్పుకున్నాడు.

"అది మాత్రం వద్దురా," అన్నాడు బూట్ల బాబాయి.

"పోనీ నాకు ఇంకెక్కడైనా పని చూడు," అన్నాడు తమ్ముడు. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. లేకపోవడమే ఆయనకి ఎక్కువ గుచ్చుకుంది.

ఆనాటి నుంచి ఆయనకి ఒకటే కోరిక. ఆ కొక్కేనికి మళ్ళీ తమ్ముడి పేరు ఎక్కాలి. తను పోయేలోపు తమ్ముడు ఆ బస్సు ఎక్కి హారను కొట్టాలి. మిగతావేవీ ఆయన్ని పెద్దగా పట్టలేదు.

రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం తొమ్మిదో నంబరు బూట్లగదికి వచ్చాడు. చిక్కిపోయాడు. తన అరలోంచి బూట్లు తీసుకుని, లోపలి పేపర్లు లాగి, వేసుకుని, లేసులు కట్టుకోకుండా అలాగే స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"రెండేళ్ళూ తుడిచారా బాబాయ్?"

"అర ఖాళీ చెయ్యం కదా."

వాడు ఏడ్చాడు. అది దొంగ ఏడుపు కాదని బూట్ల బాబాయి ఎక్కడైనా ఒప్పుకుంటాడు. శిక్ష అనుభవించి వచ్చాడు, ఆడటం తప్ప ఇంకో పని రాదు, ఆడుకోనీ అనుకున్నాడు. వాడు మొహం తుడుచుకుని, "మీ తమ్ముడి సంగతి నేను చూసుకుంటాను, నాకొదిలెయ్యండి," అనేసరికి ఆయనకి గంపెడాశ పుట్టింది.

మర్నాడు క్లబ్బు సెక్రటరీ పిలిచాడు. పిలిచి కుర్చీ కూడా చూపించాడు. ఇరవయ్యేడేళ్ళలో ఆ గదిలో ఆయన కూర్చోవడం అదే మొదలు.

"చూడవయ్యా, రేపు విలేకరులొస్తారు. మనవాణ్ణి మళ్ళీ తీసుకుంటున్నామని చెబుతున్నాం. కొందరు గొడవ చేస్తున్నారు, హంతకుడికి ఆటేంటని. నువ్వు వాడి పక్కన నిలబడి, రెండేళ్ళు వాడి బూట్లు తుడిచానని చెప్పు చాలు. నీలాంటివాడు చెబితే జనానికి ఎక్కుతుంది."

"సార్, డ్రైవరు పనికి మా తమ్ముడి దరఖాస్తు..."

"నా టేబుల్ మీదే ఉంది," అన్నాడు సెక్రటరీ, టేబుల్ మీద చెయ్యి ఆనించి. ఆ టేబుల్ మీద మాత్రం టీ కప్పు తప్ప ఏమీ లేదు.

ఆ పూట బూట్ల బాబాయి బ్రష్షు రుద్దుతూ రెండు వాక్యాలు నేర్చుకున్నాడు. మొదటిది తొమ్మిదో నంబరు గురించి. రెండోది తమ్ముడి గురించి. రెండోది చెప్పడానికే మొదటిది చెబుతున్నానని మనసుకి సర్దిచెప్పుకున్నాడు.

మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని లైట్ల ముందు నిలబడ్డాడు. తొమ్మిదో నంబరు ఆయన భుజం మీద చెయ్యేశాడు. ముందు వరసలో కూర్చున్న విలేకరి, కళ్ళద్దాల అమ్మాయి, సూటిగా ఆయన్నే అడిగింది. "మీ సొంత తమ్ముడు కూడా ఈ కేసులో జైలుకెళ్ళాడు కదండీ. ఈయనకి రెండో అవకాశం ఇవ్వాలంటారా?"

"ఇవ్వాలమ్మా," అన్నాడు. "శిక్ష అయిపోయాక మళ్ళీ మనిషిలాగే చూడాలి. ఎవరికైనా ఇవ్వాలి. ఇప్పుడు మా..."

సెక్రటరీ అప్పటికే చప్పట్లు మొదలుపెట్టాడు. హాలంతా అందుకుంది. మైకు ఇంకొకరి చేతికి పోయింది. రెండో వాక్యం ఆయన నోట్లోనే ఉండిపోయింది, కోర్టులో లాగే.

మరుసటి రోజు పొద్దున్న లైను ముగించుకుని తమ్ముడు ఇంటికొచ్చాడు. సైకిలు గోడకి ఆనించి, లోపలికొచ్చి, మడిచిన పేపరొకటి వంటగది బల్ల మీద పెట్టాడు. మొదటి పేజీలో తొమ్మిదో నంబరు, వాడి చెయ్యి కింద బూట్ల బాబాయి. పైన లావు అక్షరాల్లో 'ఎవరికైనా ఇవ్వాలి' అని వేశారు.

"నూట నలభై ఇళ్ళకి వేసొచ్చాను నిన్ను," అన్నాడు తమ్ముడు.

"ఫోటో బాగానే పడింది," అంది వదిన, అంటే బూట్ల బాబాయి భార్య, తమ్ముడికి టీ గ్లాసు అందిస్తూ.

"ఇదొకటి మిగిలిందా?" అన్నాడు బూట్ల బాబాయి.

"మిగల్లేదు. తిరిగిచ్చింది."

"ఎవరు?"

"ఆ చనిపోయినాయన భార్య. ఆయన పోయాక వాళ్ళింట్లో పేపరు మానేశారు. నేనే రోజూ ఒకటి పడేస్తున్నా, నా తరఫున. ఎప్పుడూ బయటికి రాలేదావిడ. ఇవాళ గేటు దగ్గరే నిలబడి ఉంది. విప్పి చూసింది. ఈ పక్కనున్న పెద్దాయనెవరు అంది. మా అన్నయ్యన్నాను."

"ఏమంది?"

తమ్ముడు టీ గ్లాసు రెండు చేతులా పట్టుకున్నాడు. "ఇవ్వాలో వద్దో నన్నెవరూ అడగలేదే, అంది. అంతే. మడిచి నా చేతిలో పెట్టేసింది. రేపట్నుంచి వెయ్యొద్దంది."

వదిన పొయ్యి వైపు తిరిగిపోయింది. బూట్ల బాబాయికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. నిజమే, ఆవిడ దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. రెండేళ్ళలో ఆయనకీ ఒక్కసారైనా తోచలేదు. బూట్లు మాత్రం వారం వారం తుడిచాడు.

"నీ ఉద్యోగం కోసమేరా నేను..." అన్నాడు చివరికి.

"తెలుసు," అన్నాడు తమ్ముడు. "వెళ్ళి అడుగు మరి."

అడిగాడు. సెక్రటరీ ఈసారి కుర్చీ చూపించలేదు. "శిక్ష పడినవాణ్ణి సిబ్బందిలో పెట్టుకోకూడదయ్యా. రూలు. నేను రాసిందా ఏమన్నా?"

"మరి తొమ్మిదో నంబరు?"

"వాడు ఆటగాడు. ఆటగాళ్ళు సిబ్బంది కిందకి రారు," అన్నాడు సెక్రటరీ ఓపిగ్గా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

మైదానం అంచున తొమ్మిదో నంబరుని పట్టుకుని అడిగితే వాడు నీళ్ళు నమిలాడు. "ఇప్పుడే వచ్చాను కదా బాబాయ్. వచ్చీ రాగానే నేను నోరు తెరిస్తే బాగోదు. ఈ సీజను పోనివ్వండి." అని ఆయన భుజం తట్టి, వెళ్ళి బంతి వెనక పడ్డాడు. వాడికి దొరికిన రెండో అవకాశం వాడొక్కడికే సరిపోయేంత ఉంది.

ఆటకి ముందురోజు ప్రాక్టీసులో వాన పడింది. ఇరవై మూడు జతలు బురద ముద్దలై వచ్చాయి. బూట్ల బాబాయి ఇరవై రెండు జతలు గీకి, తోమి, పేపర్లు కూరి పెట్టాడు. తొమ్మిదో అరలోవి ముట్టుకోలేదు. ఇరవయ్యేడేళ్ళలో ఒక జత బురదతో అరెక్కడం అదే మొదటిసారి. ఆ తర్వాత జేబులోంచి ఆ తిరిగొచ్చిన పేపరు తీసి, మొదటి పేజీ చింపి, ఫోటో పైకి కనబడేలా మడిచి కుడిబూటులో పెట్టాడు. వాడు చూస్తాడు. చూసి ఇదేంటని అడుగుతాడు. అప్పుడు ఆవిడ అన్న మాట చెబుతాడు, కోర్టులో తను చెప్పని మాట కూడా చెబుతాడు. మొత్తం జట్టు ముందు, పూసగుచ్చినట్టు. ఉద్యోగం పోతే పోయింది.

మర్నాడు ఆటకి అరగంట ముందు మిగతా జట్టుతో పాటు తొమ్మిదో నంబరు బూట్లగదికి వచ్చాడు. పైన జనం అప్పటికే వాడి పేరు పాడుతున్నారు. బూట్లు కిందికి లాగి, బెంచీ మీద కూర్చున్నాడు. బూట్ల బాబాయి గుమ్మం దగ్గర నిటారుగా నిలబడ్డాడు.

వాడు ఎండిన బురద చూడనేలేదు. పక్కవాడితో ఏదో చెప్పి నవ్వుతూ, బూటులోంచి పేపరు లాగి, అటు చూడకుండానే గుప్పిట్లో ఉండ చేసి నేలకేశాడు. బూటు తొడిగాడు. తల వంచుకుని లేచి, ఆ ఉండని కాలితో చిన్నగా పైకెగరేసి, పది అడుగుల దూరంలో మూలనున్న చెత్తబుట్ట వైపు తన్నాడు. అంచుకి కూడా తగలకుండా లోపల పడింది.

అందరూ చప్పట్లు కొట్టారు. ఇరవయ్యేడేళ్ళ అలవాటు కదా, బూట్ల బాబాయి చేతులు కూడా రెండుసార్లు చప్పట్లు కొట్టాయి.