ప్రార్థన జాబితాలో ఏడో అంశం

మా సంఘం ప్రార్థన జాబితాను నాలుగేళ్లుగా నేనే టైపు చేస్తున్నాను. మిగతాదంతా దీనితో ముడిపడి ఉంది కాబట్టి ముందు ఆ పని గురించే చెప్పాలి.

కోటబొమ్మాళి దగ్గర మా ఊరి బాప్టిస్టు గుడిలో ప్రతి శుక్రవారం ఆడవాళ్లు ఉపవాసం ఉండి సాయంత్రం ప్రార్థనకు చేరతారు. ఎవరికి ఏ అవసరం వచ్చినా మా అమ్మకు చెబుతారు, అమ్మ నోటుపుస్తకంలో రాసుకుంటుంది. పూర్వం ఆ పుస్తకమే చదివేవారు. ముప్పై, నలభై అంశాలుండేవి, సగం ఎప్పుడో తీరిపోయినవి, కొన్ని రెండుసార్లు రాసినవి. నేను ఇంజనీరింగు ముగించి, శ్రీకాకుళంలో సెల్ టవర్ల మరమ్మతు చూసే కంపెనీలో చేరాక దాన్ని బాగుచేస్తానన్నాను. ఒకే కాగితం. పది అంశాలు, అంతకు మించి ఒక్కటీ ఉండదు. ముందు చెప్పినవారిది ముందు. జవాబు వచ్చినది కాగితం కింద స్తుతి అంశాల్లోకి మారుతుంది, ఖాళీ అయిన నంబరులోకి వరసలో ఉన్న తర్వాతది వస్తుంది. ఈ పద్ధతి చూసి పాస్టరు గారు ఆదివారం అందరి ముందూ మెచ్చుకున్నారు. నేను తలొంచుకుని విన్నాను గాని లోపల చాలా పొంగిపోయాను.

ఆ మధ్యనే ఆటల కోసం ప్రత్యేకంగా చేసిన కొత్త ట్యాబ్ ఒకటి రాబోతోందని వార్త వచ్చింది. ఎనిమిది అంగుళాల తెర, రెండు పక్కలా వేళ్లతో తిప్పే మీటలు, లోపల చిన్న ఫ్యాను. పెద్ద కంప్యూటరు మీద ఆడే ఆటలన్నీ చేతిలో పట్టుకుని ఆడొచ్చట. మా మేనమామ కొడుక్కి టెక్కలిలో మొబైల్ రిపేరు కొట్టుంది. నాకంటే పెద్దవాడు, నాకు బావ. శనివారాలు ఊరొచ్చేటప్పుడు అతని కొట్టు దగ్గర దిగి ఓ గంట కూర్చోవడం నా అలవాటు.

"సూసేవేటి?" అన్నాడు బావ, ఆ ట్యాబ్ వీడియో నా ముందు పెట్టి. "ఇదొస్తే ఫోన్లలో ఆటలు ఇంకెవడూ ఆడడు."

"వచ్చాక చూద్దాం. అది చేతిలో పొయ్యిలా కాలుతుంది."

"నువ్వు పట్టుకుని సూసేవా?"

"చూడక్కర్లేదు, లెక్క చాలు. అంత చిప్పు, అంత పల్చటి పెట్టె. వేడి ఎక్కడికి పోతుంది?"

"ఫ్యాను ఉన్నాది కదరా."

"మన సముద్రం గాలి లోపలికి పీల్చే ఫ్యాను. ఆర్నెల్లలో తుప్పు పడుతుంది."

"ఒరే, నీకు పెళ్లికూతుర్ని సూపించినా ముందు బేటరీ ఎంతసేపు వస్తాదని అడుగుతావు," అన్నాడు. రిపేరుకి వచ్చినవాళ్లు కూడా నవ్వారు.

నిజానికి నా ఫోన్లో దాని మీద రెండు జాబితాలుండేవి. సందేహాల జాబితా బావకు చదివి వినిపించేవాణ్ణి. వేడి, తుప్పు, రెండు గంటలు దాటని బ్యాటరీ, కొన్నాళ్లకు వదులైపోయే మీటలు, విశాఖలో కూడా లేని సర్వీసు సెంటరు. రెండోది ఎవరికీ చూపించలేదు. అందులో ఆ ట్యాబ్ మీద నేను ఆడబోయే ఆటల పేర్లు ఉండేవి, ఏ వరసలో ఆడాలో కూడా రాసుకున్నాను. బుకింగు తెరిచిన మొదటి ఉదయమే ఆర్డరు పెట్టేశాను. బావకు చెప్పలేదు.

ఆ వారం ఇంట్లో అన్నం తింటూ ఆ వీడియోలే చూస్తున్నాను. అమ్మ కూర వడ్డిస్తూ అడిగింది.

"అదేటి, ఎప్పుడూ అదే సూస్తన్నావు?"

"ట్యాబ్. బుక్ చేశాను."

"ఎందుకు?"

అమ్మకు నేను ప్రభుత్వ ఇంజనీరు పరీక్ష రాయాలని ఎన్నాళ్లనుంచో ఆశ. కంపెనీలో చేరినప్పుడు రాస్తానని మాటిచ్చి ఇంకా మొదలుపెట్టలేదు. ముద్ద నోట్లో ఉండగానే, "పరీక్షకి చదువుకోడానికి," అన్నాను. ఆలోచించి ఆడిన అబద్ధం కాదు. ఆ ఒక్క పూట అన్నం ప్రశాంతంగా తినడానికి ఆడాను. అమ్మ మొహం వెలిగింది. ఇంకో గరిటె కూర వేసింది.

గురువారం అమ్మ పంపే నోటుపుస్తకం ఫోటో ఎప్పటిలాగే నా ఫోనుకి వచ్చింది. ఆ వారం ఖాళీ అయిన ఏడో నంబరుకు ఎదురుగా అమ్మ గుండ్రటి రాతలో ఇలా ఉంది: మా అబ్బాయి చదువుకు అవసరమైన ట్యాబ్ త్వరగా వచ్చుటకు. అంతవరకు వరసలో ఉన్న మరో అంశాన్ని దాటి ఎలా వచ్చిందని అమ్మను అడగాల్సింది. అడగలేదు. పుస్తకం అమ్మ చేతిలో ఉంది, కొడుకు చదువు ఆమెకు తొందర. వరస తప్పకూడదనే నియమం పెట్టిన నేను, వరస తప్పిన నా అబద్ధాన్ని అక్షరదోషం లేకుండా టైపు చేసి పంపేశాను.

ఒకటి రెండు వారాల్లో వచ్చేస్తుంది, ఏడో అంశం స్తుతిలోకి వెళ్లిపోతుంది, ఎవరికీ తెలియదు అనుకున్నాను. ట్యాబ్ కంపెనీ వాయిదా వేసింది. ముందు ఎండాకాలం అన్నారు, తర్వాత వానలు పడ్డాక అన్నారు, ఆ తర్వాత ఫ్యానులో ఏదో మార్చాలన్నారు. బావ దిగాలుపడ్డాడు. నేను మాత్రం ఆ వార్తల్లో ప్రతి ముక్కా వెతికి చదివాను, ఎందుకంటే అది అసలు రాకూడదని కోరుకోవడం మొదలుపెట్టాను. వేడి గురించి నేను చెప్పిందే నిజమై ఆ వస్తువు ఆగిపోతే అబద్ధం కూడా దానితోపాటే పోతుంది. ఈలోగా శుక్రవారం తర్వాత శుక్రవారం మా ఊరి ఆడవాళ్లు పస్తుండి, మోకాళ్ల మీద కూర్చుని, నా ఆటల ట్యాబ్ రావాలని ప్రార్థిస్తూనే ఉన్నారు.

వాళ్లలో ఒక మామ్మ ఉండేది. కూలిపనికి వెళ్లేది. శనివారాలు గుడి ఊడ్చి చాపలు పరిచేది కూడా ఆమే. చదువు రాదు. కాగితంలోని పది అంశాలను వేళ్ల కణుపుల మీద గుర్తుపెట్టుకునేది. శుక్రవారం విన్నవాటిని వారమంతా పొలంలో బొటనవేలితో ఒక్కో కణుపూ తాకుతూ ప్రార్థించేదని అమ్మ చెప్పేది. అది నాట్ల కాలం. శుక్రవారాల్లో పచ్చి గంగ ముట్టకుండా రోజంతా బురదలో వంగి నాట్లు వేసి, సాయంత్రం తిన్నగా గుడికి వచ్చేది.

వరసలో నా కోసం దాటేసిన అంశం ఆమె మోకాలి నొప్పి.

అది నాకు తెలుసు. ప్రతి గురువారం ఫోటోలో, పది అంశాల గీత కింద, 'మామ్మ మోకాలు' అని కనబడుతూనే ఉంది, మరే నంబరూ ఖాళీ కాలేదు. మూడు నెలలు ఇంచుమించు పూర్తయ్యాక ఇక భరించలేకపోయాను. ఒక గురువారం నా అంశం తీసేసి ఏడో నంబరులో ఆమె మోకాలు టైపు చేశాను. అబద్ధాన్ని ఒప్పుకోకుండానే దిద్దేయొచ్చనుకున్నాను. మా పనిలో అలాగే చేస్తాం. టవరులో పాడైన కార్డు తీసి కొత్తది పెడతాం, ఫోను మాట్లాడుతున్నవాడికి తెలియనివ్వం.

మర్నాడు సెలవు కావడంతో నేనూ గుడిలో ఉన్నాను. పాస్టరు గారి భార్య కాగితం చదువుతోంది. ఏడు దగ్గరికి వచ్చేసరికి చాపల మీదనుంచి మామ్మ గొంతు వినిపించింది.

"అమ్మగారూ, ఏడోది బాబు ట్యాబ్ కదా? వొచ్చీసిందేటి?"

అందరూ నా వైపు తిరిగారు. అమ్మ కూడా.

"ఇంకా లేదు మామ్మా," అన్నాను.

"మరైతే ఎందుకు తీసీసినావు?"

"చాలా వారాలైంది కదా అని..."

"వారాలైతే మానేస్తావేటి? పరీక్ష దగ్గరికొస్తన్నాది." పాస్టరు గారి భార్య వైపు తిరిగింది. "నా మోకాలు తీసీయండమ్మా. అది ముసిల్దాని మోకాలు, ఎక్కడికి పోతాది? బాబుది రాయండి."

పాస్టరు గారి భార్య పెన్నుతో కొట్టేసి నాది పైన రాసింది. అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి, మామ్మ చేయి పట్టుకుంది. నేను నోరు తెరవాల్సిన సమయం అదే. తెరిచాను కూడా. వచ్చిన మాట, "థాంక్స్ మామ్మా."

ట్యాబ్ పదిరోజుల్లో శ్రీకాకుళం ఆఫీసుకి వచ్చింది. పెట్టె విప్పి గంటన్నర ఆడాను. వేడెక్కింది గాని కాలలేదు. మీటలు గట్టిగా ఉన్నాయి. తెర ఎండలో కూడా కనబడింది. నా సందేహాల్లో పెద్దది తప్పని తేలింది. ఆ గంటన్నరా చాలా సంతోషంగా ఉన్నానని కూడా రాయాలి, లేకపోతే ఇది సగం నిజమే అవుతుంది.

అమ్మకు ఫోన్లో చెప్పగానే, "ఆదివారం గుడికి తే. అయ్యగారు చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు, నువ్వు సాక్ష్యం చెప్పు," అంది. మా దగ్గర బండి కొన్నా, కుట్టుమిషను కొన్నా ముందు గుడికే వస్తుంది. పాస్టరు గారు దాని మీద చెయ్యి ఉంచుతారు, తెచ్చినవాళ్లు దేవుడు ఎలా ఇచ్చాడో నాలుగు మాటలు చెబుతారు.

శనివారం టెక్కలిలో బావ దగ్గర దిగకుండా తిన్నగా గుడికి వెళ్లాను. మామ్మ చాపలు దులుపుతోంది. ఒక కాలు చాపి, మరో కాలు మీద బరువు వేసి వంగుతోంది. చాప రెండో అంచు నేను పట్టుకున్నాను.

"వొచ్చిందటగా, మీ అమ్మ సెప్పింది. నా పానం కుదటపడ్డాది," అంది.

"మామ్మా, అది చదువుకి కాదు."

"మరేటికి?"

"ఆటలకి. ఆటలాడుకోడానికి కొన్నాను. అమ్మకి అబద్ధం చెప్పాను."

మామ్మ చాప కింద పెట్టింది. తిడుతుందని ఎదురుచూశాను, తిడితే బాగుండుననుకున్నాను.

"ఆటలకేటి," అంది చివరికి. "పన్నెండు శుక్రవారాలు మజ్జిగసుక్క నోట్లో ఎయ్యనేదురా."

"క్షమించు మామ్మా."

"నేను ఆటలాడొద్దన్నానా? ఆటలకని సెప్తే మానీదాన్నా? అలాగే అడుగుదును, పిల్లడు సరదా పడతన్నాడు పెబువా, ఇయ్యి అని." చీరకొంగుతో మొహం తుడుచుకుంది. "దేవుడికి ముందే తెలుసు. తెలీనిది నాకే."

నేను వంగి చాప మళ్లీ ఎత్తాను.

"మీ అమ్మకి సెప్పీసినావా?"

"ఇంకా లేదు."

"సెప్పు. రేపు అక్కడ నిలబడి అబద్దం ఆడితే నేను కూకోను."

ఆ రాత్రి అమ్మకు చెప్పలేకపోయాను. రెండుసార్లు మొదలుపెట్టి, రెండుసార్లూ మంచినీళ్లు అడిగాను.

ఆదివారం పాస్టరు గారు పిలిచారు. అమ్మ ట్యాబ్‌ని ఉతికిన తెల్లగుడ్డలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టింది. నేను మైకు ముందు నిలబడ్డాను. మగవాళ్ల వైపు చూసి మొదలుపెట్టాను. మీ అందరి ప్రార్థనల వల్ల ఇది వచ్చింది, చదువుకీ కొంచెం కాలక్షేపానికీ పనికొస్తుంది అన్నాను. అంతటితో దిగిపోయేవాణ్ణే.

"నాకు సెప్పినట్టు సెప్పు బాబూ," అంది మామ్మ చాప మీదనుంచి. గొంతు పెంచలేదు, మామూలుగానే అంది.

అప్పుడు చెప్పాను. ఆటల కోసం కొన్నానని, చదువని అమ్మను నమ్మించానని, ఆ మాటే పన్నెండు వారాలు నా చేత్తో టైపు చేశానని, వరసలో మామ్మ మోకాలు ఉంటే దాన్ని దాటి నాది చేరిందని. మైకులో నా గొంతు బయట రోడ్డు మీదికి కూడా వినబడుతోంది. మగవాళ్ల వైపు ఎవరో నవ్వి ఆపుకున్నారు. పాస్టరు గారు ట్యాబ్ మీదికి చాపిన చేతిని వెనక్కి తీసుకుని, "కూర్చో నాన్నా," అన్నారు. తర్వాతి పాట నంబరు చెప్పారు. అమ్మ పాడలేదు. పాటల పుస్తకం మూసే ఉంది.

ఇంటికి నడుస్తూ అమ్మ ఒక్కమాటే అంది. "నాకు కూరలో ఉప్పు తక్కువైతే సెప్తావు. ఇది సెప్పనేకపోయావా?"

దీనివల్ల ఎవరూ నన్ను వెలివేయలేదు. జాబితా పని కూడా నాదగ్గరే ఉంది. పది అంశాల నియమం ఎత్తేశాను, కాగితం ఇప్పుడు రెండు పేజీలు. సంగతి తెలిసి బావ మూడు రోజులు నవ్వాడు, ట్యాబ్ ఒక ఆదివారం అరువిమ్మని తీసుకుపోయి మూడు వారాలు ఇవ్వలేదు. నేను అడగలేదు.

ఈ మధ్య అమ్మకు కడుపులో నొప్పి వచ్చింది. శ్రీకాకుళంలో స్కానింగు తీస్తే పిత్తాశయంలో రాళ్లన్నారు, ఆపరేషనుకు రోజు ఇచ్చారు. ఆ శుక్రవారం అమ్మ గుడికి రాలేకపోయింది. కాగితం నేనే చదివాను. అమ్మ ఆపరేషను గురించి చదివేసరికి మామ్మ తలెత్తింది.

"ఇది నిజమేనా బాబూ?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. మోకాళ్ల మీద కూర్చోబోయే ముందు తెలుసుకోవాలనుకుంది.

"నిజమే మామ్మా," అన్నాను.

కొంతసేపు నా మొహంలోకి చూసింది. పక్కనున్నామె వైపు తిరిగింది. "నువ్వు సూసేవా ఆమెని?" అని అడిగింది. సూసేనని ఆమె తలూపింది. అప్పుడు మామ్మ కళ్లు మూసుకుంది.