ఎగిసేదానికి ఒకటి, దిగేదానికి ఒకటి

అభినయకు దయ్యం పట్టిందని సత్రపట్టి వీధంతా చెప్పుకుంటోంది. "కడుపుతో ఉన్నప్పుడే కరోనా వచ్చినది గదా, అప్పుడే పట్టినాది. బిడ్డ ముందర కూర్చొని ఏందో మంత్రం గొణగతా ఉండాది. నేనే చూసినాను," అని ఎదురింటి కుప్పమ్మాళ్ ఒట్టు పెట్టి మరీ చెప్పింది.

అభినయది గాయాలకు చుట్టే కట్టుగుడ్డ నేసే మగ్గంలో పని. ఎనిమిదో నెలలో కరోనా వచ్చింది, బిడ్డ మూడు వారాలు ముందే పుట్టింది. నిద్రలో బిడ్డ ఊపిరి లెక్కపెట్టమనీ, నిమిషానికి అరవై దాటితే వెంటనే తీసుకురమ్మనీ చెప్పి నర్సు ఇంటికి పంపింది.

ఆ మధ్యాహ్నం బిడ్డ ముందర కూర్చొని గొణుగుతూ లెక్కపెడితే తొంభై రెండు వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టినా అంతే. అభినయ బిడ్డను అదుముకొని షేర్ ఆటోలో రాజపాళయం ఆసుపత్రికి వచ్చిపడింది. దారి పొడుగునా ఆ చిన్న ఛాతీ మీది నుంచి చూపు తిప్పలేదు.

"ఎట్లా లెక్కపెట్టినావు?" అంది నర్సు.

"ఎగిసేదానికి ఒకటి, దిగేదానికి ఒకటి అక్కా. మగ్గంలో నూలు తీసుకొని నాడె పోయేదానికి ఒకటి, వచ్చేదానికి ఒకటి గదా?"

"ఓసి పిచ్చిదానా! ఎగిసి దిగితేనే ఒకటి."

నర్సు గడియారం పట్టుకొని తానే ఒక నిమిషం లెక్కపెట్టింది. నలభై ఆరు. బిడ్డ ఊపిరి బాగానే ఉంది.