ఆకుపచ్చ మొహాలు

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. మా ఆయన పోయేదాకా ఆయనకి కూడా చెప్పలేదు. ప్రార్థనలో మోకరించినప్పుడు సైతం ఇన్నేళ్ళూ ఈ ఒక్క పాపం దగ్గరికొచ్చేసరికి మాట మార్చేశాను.

ఎనభైల మొదట్లో న్యూజెర్సీలో ఇస్త్వాన్ అనే పెద్దాయన దగ్గర పెయింటింగ్ నేర్చుకునేదాన్ని. హంగరీలో ఉండగా ఆయన పట్టాభిషేకాలూ యుద్ధాలూ గోడలంతేసి బొమ్మలుగా వేశాడట. దేశం వదిలి వచ్చాక డాక్టర్లవీ పాస్టర్లవీ పోర్ట్రెయిట్లు వేసి బతికాడు. ముసలితనంలో మళ్ళీ ఒక పెద్ద బొమ్మ మొదలుపెట్టాడు: కోటగోడ మీద నిలబడి శత్రువుల్ని తరుముతున్న తన దేశపు ఆడవాళ్ళు.

అప్పటికే ఆయన కళ్ళకి పొర కమ్ముతోంది. రంగులు మారి కనిపిస్తున్నాయని ఆయనకి తెలియలేదు. ఆ ఆడవాళ్ళ చెంపలకి ఆకుపచ్చ పూస్తున్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఎలా ఉందని అడిగితే, చాలా బాగుంది సర్ అన్నాను.

జాలితోనా? చాలాకాలం అలాగే సర్దిచెప్పుకున్నాను. కాదు. ఆ బొమ్మలో మునిగి ఉన్నన్నాళ్ళూ ఆయన పోర్ట్రెయిట్ల కోసం వచ్చేవాళ్ళని నా దగ్గరికి పంపేవాడు. చూపు పోతోందని తెలిస్తే ఆపరేషన్ చేయించుకుంటాడు, కళ్ళు బాగవుతాయి, వాళ్ళంతా తిరిగి ఆయన దగ్గరికే పోతారు. నిజంగా ఇంత ఆలోచించానా? ఆలోచించాను.

చర్చి హాల్లో బొమ్మ పెట్టారు. వాళ్ళ దేశం వాళ్ళు చాలామంది వచ్చారు. బొమ్మ దగ్గరిదాకా వచ్చి చూసి పక్కకి తప్పుకున్నారు. చివరికి ఒక ముసలమ్మ వాళ్ళ భాషలో ఆయన్ని ఏదో అడిగింది. ఆయన మొహం పాలిపోయింది.

నేనే కార్లో ఇంటికి తీసుకెళ్ళాను. దారిలో అడిగాడు.

"మొహాలు ఆకుపచ్చగా ఉన్నాయట. శవాల్లా ఉన్నాయట. నీకు కనిపించలేదా?"

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది.

"లేదు సర్. నాకు మామూలుగానే ఉన్నాయి."

నా వైపు తిరిగాడు. "అయితే నీ కళ్ళు కూడా పాడవుతున్నాయి. చిన్నదానివి. రేపే ఐ డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకో. నాలా ఆలస్యం చేయకు."

ఆయన మళ్ళీ కుంచె పట్టలేదు. ఆపరేషన్ కూడా వద్దన్నాడు, ఇంక చూడాల్సిందేముంది అని. పోయేదాకా ఫోన్ చేస్తూనే ఉన్నాడు, డాక్టర్ దగ్గరికి వెళ్ళావా అంటూ. వెళ్ళాను సర్, మందు వేసుకుంటున్నాను అనేదాన్ని. ఫోన్ పెట్టేసి, ఆయన వేయాల్సిన మనుషుల బొమ్మలు వేసుకునేదాన్ని.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సిన మనిషి లేడు. నా కళ్ళకి ఎప్పుడూ ఏమీ కాలేదు. ఆ మొహాలు ఆకుపచ్చగా ఉన్నాయని మొదటి రోజు నుంచీ నాకు తెలుసు.