అమ్మమ్మ ఉత్తుత్తి ప్రయోగం

అమ్మమ్మ మామూలుగా నిలబడి పాఠం చెబితే వెనక వరుస పిల్లలకు కొప్పు ఒక్కటే కనిపించేది. అందుకని హైస్కూలు కెమిస్ట్రీ ల్యాబులో ఆమె బల్ల వెనక ఒక చెక్కపీట వేసి ఉండేది. ఆ పీట ఎక్కాక తనంత మనిషి ఆ స్కూల్లో ఇంకొకరు లేరని ఆమె నమ్మకం. హెడ్‌మాస్టరు గారిది వేరే నమ్మకం.

ల్యాబు వరండా చివర ఉండేది. నల్లరాతి బల్లలు, వాటి మీద ఎంత రుద్దినా పోని పసుపు మరకలు, ఎంత బిగించినా కారే కుళాయి, మూలన ఇసుక బకెట్టు. అమ్మమ్మకు ఆ గదంటే ప్రాణం. తాతయ్యకు ఆ గది సవతి.

ఒకసారి పక్కనెక్కడో ఇంకో స్కూల్లో ఒక పిల్లవాడు పరీక్షనాళికను తన మొహం వైపు తిప్పి వేడి చేసి, చెంప కాల్చుకున్నాడు. సంగతి పేపర్లో వచ్చింది. మర్నాడు అమ్మమ్మ వెళ్లేసరికి ల్యాబుకు గుమ్మడికాయంత తాళం వేలాడుతోంది.

"ఇకనుంచి ప్రయోగాలన్నీ టీవీలో చూపించండి మేడమ్. పిల్లలకూ క్షేమం, మనకూ క్షేమం" అన్నారు హెడ్‌మాస్టరు గారు.

"ఈత కూడా టీవీలోనే నేర్పిద్దామా సార్?"

"మీకు వేళాకోళంగా ఉంది. రేపేదైనా జరిగితే నా మెడకు చుట్టుకుంటుంది."

అమ్మమ్మ వదిలిపెట్టే రకం కాదు. స్టాఫ్ రూములో, వరండాలో, ఆఖరికి ఆయన స్కూటరు స్టార్టు చేస్తున్నప్పుడు కూడా చెవిలో జోరీగలా ఆ తాళం మాటే. పడలేక ఆయన ఒక మెట్టు దిగారు. తనిఖీకి వచ్చే ఆఫీసరమ్మ ముందు ఒక్క ప్రయోగం చేయించాలి. ఆవిడ సరేనంటే తాళం తీస్తారు. కాదంటే రాతిబల్లలు పీకించి, విరిగిన బెంచీలు పడేసుకోవడానికి ఆ గది వాడుకుంటారు.

అమ్మమ్మ ధైర్యమంతా తన ఉత్తుత్తి ప్రయోగం మీదే. ఆ పేరు పిల్లలు పెట్టింది. ఏ ప్రయోగమైనా మొదట ఉత్త నీళ్లతో మొదలు నుంచి చివరిదాకా చేయాలి. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరు ఏది తేవాలి, మంట ఎవరు వెలిగించాలి, అన్నీ అసలుదాని మాదిరే. మధ్యలో అమ్మమ్మ ఉన్నట్టుండి, "అయ్యో, వీడి చేతి మీద ఒలికింది!" అని కేకేసేది. ఒలికినవాడు ఏడవాలి, పక్కవాడు వాణ్ణి కుళాయి కిందికి తీసుకెళ్లాలి.

ఆ ఏడ్చే వేషానికి ఎప్పుడూ పోటీయే. నడిస్తే బెంచీలు కదులుతాయని అందరూ భూకంపం అని పిలిచే కుర్రాడు దాన్ని ఎవరికీ వదిలేవాడు కాదు.

"టీచర్, ఈసారి నేను స్పృహ తప్పుతా."

"చేతి మీద పడితే స్పృహ ఎందుకు తప్పుతుందిరా?"

"కొంచెమే తప్పుతా టీచర్!"

ఇంకో నియమం ఉండేది. ఎవరు "ఆగండి" అన్నా గదిలో అందరి చేతులూ గాల్లోకి లేవాలి, టీచరువి కూడా. అన్నవాళ్లు పొరపాటుపడ్డా సరే, వాళ్లను ఒక్క మాట అనకూడదు. ఆ క్లాసులో ఆ మాట ఒక్కసారి కూడా అనని పిల్ల ఒకతె ఉండేది. అటెండెన్సు పలికినా పక్కవాళ్లకే వినిపించనంత నెమ్మది. ఆమెను గుసగుస అనేవారు.

తనిఖీ ముందురోజు సాయంత్రం అమ్మమ్మ ఇంట్లో గ్లాసులన్నీ భోజనాల బల్ల మీద వరుసగా పెట్టి, తాతయ్యను ఎదురుగా కూర్చోబెట్టింది.

"ఏవండీ, ఇప్పుడు మీరు ఆఫీసరు. ఏదైనా అడగండి."

"ఆఫీసరుకు ముందు కాఫీ ఇస్తారు కదా?"

"చదువు గురించి అడగండి!"

"సరే. నీ వంట అయ్యేదెప్పుడు, నా ఆకలి తీరేదెప్పుడు?"

అమ్మమ్మ గ్లాసులు తీసి లోపల పెట్టేసింది. ఆ రోజు అన్నం మాడింది. తాతయ్య కిక్కురుమనకుండా తిన్నాడు. ఆయనకూ తెలుసు, ఆ గది పోతే ఈ మనిషిని ఇంట్లో పట్టలేమని.

మర్నాడు వచ్చిన ఆఫీసరమ్మ బక్కపలచని మనిషి. పొడి మాటలు, పదునైన కళ్లద్దాలు. గోడకు ఆనుకుని నిలబడింది. పక్కనే చేతులు కట్టుకుని హెడ్‌మాస్టరు గారు. ముందు ఉత్తుత్తిది మొదలైంది. నీళ్ల బీకర్లు, కాగితపు ముక్కలు, వెలిగించని పుల్లలు. భూకంపం చేయి పట్టుకుని ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు. కుళాయి కింద చేయి పెట్టించారు. హెడ్‌మాస్టరు గారు ముసిముసిగా నవ్వుకున్నారు. అంతలో ఫోను మోగితే వరండాలోకి వెళ్లారు.

ఆయన అటు వెళ్లగానే అసలుది మొదలైంది. నీళ్లు పారబోసి, అవే బీకర్లలో పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోశారు. మెగ్నీషియం తీగ ముక్కలు పంచారు. ఆమ్లంలో ఆ ముక్క వేస్తే బుడగలు వస్తాయి. ఆ బుడగల్లో ఉండే హైడ్రోజన్‌కు వెలిగించిన పుల్ల చూపిస్తే టప్‌మంటుంది. అమ్మమ్మ వంశంలో ఇంతకు మించి కెమిస్ట్రీ వంటబట్టనివాళ్లూ ఉన్నారు, వాళ్ల సంగతి ఇక్కడ అనవసరం.

హెడ్‌మాస్టరు గారు తిరిగొచ్చేసరికి ఆఫీసరమ్మ కనుబొమలు ముడిచి బీకర్ల వంక చూస్తోంది. స్కూలుకు చెడ్డపేరు వస్తుందేమోనని ఆయనకు కంగారు పుట్టింది.

"భయపడకండి మేడమ్, అవన్నీ ఉత్త నీళ్లే! మా టీచరమ్మ నాటకం ఆడిస్తున్నారంతే. కావాలంటే చూడండి" అంటూ ముందు బల్ల మీది బీకరు తీసి నోటి దాకా ఎత్తారు.

"ఆగండి సార్! అది యాసిడ్!"

కిటికీ రెక్కలు అదిరాయి. అరిచింది గుసగుస.

అన్ని చేతులూ గాల్లోకి లేచాయి. దొంగలు పడ్డ బ్యాంకులో గుమాస్తాలా హెడ్‌మాస్టరు గారి ఖాళీ చెయ్యి కూడా లేచింది. అమ్మమ్మ పీట దిగింది. ల్యాబులో పరుగెత్తకూడదు కనుక నడిచే వెళ్లింది. గుండె మాత్రం ఆమె కంటే ముందే పరుగెత్తింది. బీకరు ఆయన చేతిలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

ఆఫీసరమ్మ గోడ దగ్గర్నుంచి బల్ల దగ్గరికొచ్చింది.

"దీని మీద చీటీ ఏదమ్మా?" అడిగింది ఆఫీసరమ్మ.

సీసాకు చీటీ ఉంది. బీకరుకు లేదు. పిల్లల ముందు, ఆయన ముందు, ఆ గది బతుకు చేతిలో పెట్టుకున్న మనిషి ముందు చెప్పక తప్పదు.

"అంటించలేదండి. నీళ్లు పోసిన బీకర్లలోనే యాసిడ్ పోయించాను. పిల్లలకు తెలుసు కదా అనుకున్నాను. తెలియనివాళ్లు గదిలోకి వస్తారని ఆలోచించలేదు. తప్పు నాదే."

హెడ్‌మాస్టరు గారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. "చూశారా మేడమ్! అందుకే నేను తాళం..."

ఆఫీసరమ్మ ఆయన వైపు చూడనైనా లేదు. గుసగుస దగ్గరికి వెళ్లింది.

"హెడ్‌మాస్టరు గారి మీద అరవడానికి నీకు భయం వేయలేదా?"

"వేసిందండి."

"మరి?"

"ముందు అరవాలి, తర్వాత భయపడాలి అని టీచర్ చెప్పారండి."

"ఇప్పుడో?"

"ఇప్పుడు భయపడుతున్నానండి."

ఆఫీసరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "నేను చూసిన ల్యాబుల్లో తాళం వేసినవే ఎక్కువ. వాటిలో పిల్లలకు దెబ్బలు తగలవు, నిజమే. చదువూ తగలదు. టీచర్ గారూ, చీటీలు అంటించండి. ప్రయోగం మధ్యలో ఆగిపోయింది, కానివ్వండి."

చీటీలు అంటించారు. బుడగలు వచ్చాయి. టప్‌మంది. ఇంకోసారి చేయమని ఆఫీసరమ్మే అడిగింది. వెళ్తూ వెళ్తూ, "తాళంచెవి ఇక టీచర్ గారి దగ్గరే ఉంచండి సార్. మీరు మాత్రం ఆ ఉత్తుత్తిది నేర్చుకున్నాకే లోపలికి రండి" అంది.

హెడ్‌మాస్టరు గారు మంచివారే, మాట తప్పలేదు. వారం తిరక్కుండానే, కళ్లలో ఏమీ చిందకుండా పెద్ద కళ్లద్దాలు పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఆనాటి నుంచి, యాసిడ్‌ను చూసి ఎవరూ నీళ్లనుకోకుండా, ఉత్తుత్తి నీళ్లలో నీలం సిరా కలపడం మొదలైంది. ఏడ్చే వేషం ఆయనకే ఇచ్చారు. భూకంపం పక్కన చేరి, "అలా కాదు సార్, ఇంకాస్త బాధగా" అని నేర్పించాడు.

కుళాయి దగ్గర గుసగుస ఆయన మణికట్టు పట్టుకుని నిలబడింది. కాసేపటికి ఆయన చెయ్యి వెనక్కి తీసుకోబోయారు.

"ఇంకా తీయకూడదు సార్!" అంది గుసగుస. వెనక వరుసకు కూడా వినపడింది.

ఆయన తీయలేదు. అమ్మమ్మ అటు తిరిగి బల్ల తుడుస్తూ నిలబడింది, ఎంత రుద్దినా పోని మరకను పోగొట్టేదానిలా.