మైనస్ నలభై దగ్గర పాసైన ప్రోగ్రామ్

కెనడాలోని సస్కటూన్‌లో శనివారాలు కొత్తవాళ్ళకి ప్రోగ్రామింగ్ నేర్పేదాన్ని. రాసిన ప్రోగ్రామ్‌ను కంప్యూటర్ చేతే పరీక్ష చేయించడం ఎలాగన్నది ఆ వారం పాఠం. సెల్సియస్‌ను ఫారెన్‌హీట్‌లోకి మార్చే ప్రోగ్రామ్ రాసి, దానికొక టెస్టు కూడా రాయమన్నాను. జవాబు సరైనదైతే తెర మీద పచ్చగా, తప్పైతే ఎర్రగా కనిపిస్తుంది.

అందరికంటే ముందు చెయ్యెత్తింది రిటైరైన డాక్టరుగారొకరు. ఆయన తెర పచ్చగానే ఉంది. తీరా చూస్తే ప్రోగ్రామ్‌లో లెక్కే లేదు. ఇచ్చిన అంకెనే తిరిగి ఇస్తోంది. ఆయన టెస్టులో పెట్టింది మా ఊరి చలి, మైనస్ నలభై. అక్కడ రెండు కొలతలూ ఒకటే.

"అంకుల్, సున్నా ఇచ్చి చూడండి," అన్నాను.

తెర ఎర్రబడింది. సున్నా వస్తే ముప్ఫైరెండు చెప్పమని ఆయన వెంటనే ఒక లైను చేర్చారు. వంద ఇవ్వమంటే వందకో లైను.

"అడిగిన ప్రతి అంకెకీ ఒక లైను రాస్తారా? ఫార్ములా బోర్డు మీదే ఉంది కదా!" నా గొంతు పెరిగింది.

"గ్రీన్ రావాలన్నావు, వచ్చింది కదమ్మా. ఇంకేం కావాలి?"

"ఒక్కసారి బీపీ నార్మల్ వస్తే పేషెంటుని ఇంటికి పంపించేసేవారా?"

ఆయన ఆలోచనలో పడ్డారు. హమ్మయ్య, అర్థమైందనుకున్నాను.

"ఉండమ్మా, పాతికకి కూడా ఒకటి రాసేస్తాను," అన్నారు.

ఈలోగా పక్కనున్న ఇద్దరూ ఆయన కోడ్‌నే ఎక్కించుకున్నారు. వాళ్ళ తెరలూ పచ్చబడ్డాయి. నేను బోర్డు తుడిచి, పాఠం మొదటినుంచి ఎత్తుకున్నాను.